విమానం నడిపింది వాళ్ళే, కానీ సైనికులు కాదన్నారు: అవెంజర్ ఫీల్డ్ కథ

నేను పెరిగింది గండిమైసమ్మ దగ్గర. అక్కడికి దగ్గర్లోనే దుండిగల్ ఎయిర్‌ఫోర్స్ అకాడమీ. పొద్దున్నే ట్రైనింగ్ విమానాలు మా డాబా మీదుగా తిరుగుతుంటే మా అమ్మమ్మ తలెత్తి చూసి, "ఎవరో కొత్త పిలగాడు నేర్చుకుంటున్నట్టున్నాడు" అనేది. ప్రతిసారీ పిలగాడు అనే. పిల్ల అని ఒక్కసారి కూడా అనలేదు. మాకు కూడా అది వింతగా అనిపించలేదు.

ఇవాళ నేను చెప్పబోయేది దుండిగల్ కథ కాదు. చివర్లో ఒకసారి అక్కడికి వస్తాను, అంతే. ఇవాళ్టి కథ అమెరికాలో, టెక్సాస్ రాష్ట్రం పడమటి వైపు, స్వీట్‌వాటర్ అనే చిన్న ఊళ్ళో జరిగింది. పేరు చూసి మోసపోకండి, అక్కడ నీళ్ళ కంటే దుమ్మే ఎక్కువ. ఎండ, గాలి, ఎర్రమట్టి, తేళ్ళు, రాటిల్ స్నేక్ పాములు. ఇప్పటికీ ఆ ఊరు ఏటా జరిగే పాముల సంతకే ఫేమస్. అలాంటి చోట రెండో ప్రపంచ యుద్ధం టైమ్‌లో ఒక మిలిటరీ ఫ్లయింగ్ స్కూల్ నడిచింది. దాని పేరు అవెంజర్ ఫీల్డ్. 1943లో మగ కేడెట్లు వెళ్ళిపోయాక అక్కడ విమానం నేర్చుకున్నవాళ్ళంతా ఆడవాళ్ళే.

ముందు కొంచెం వెనక్కి వెళ్దాం. 1941 డిసెంబర్ 7న జపాన్ పెర్ల్ హార్బర్ మీద దాడి చేసింది. అమెరికా యుద్ధంలోకి దిగింది. ఫ్యాక్టరీలు రాత్రీ పగలూ విమానాలు తయారు చేయడం మొదలెట్టాయి. మరి తయారైన విమానాన్ని ఫ్యాక్టరీ నుంచి ఎయిర్‌బేస్‌కో, ఓడరేవుకో ఎవరు తీసుకెళ్ళాలి? లారీలో వేసి పంపేది కాదు కదా. ఎవరో ఒకరు నడుపుకుంటూ వెళ్ళాలి. ఉన్న పైలట్లనేమో యుద్ధానికి పంపాలి. అక్కడొచ్చింది ఇబ్బంది.

అప్పటికే అమెరికాలో పైలట్ లైసెన్స్ ఉన్న ఆడవాళ్ళు చాలామంది ఉన్నారు. వాళ్ళలో ఇద్దరు గట్టిగా పట్టుబట్టారు. ఒకరు నాన్సీ లవ్. ఆవిడ 1942 సెప్టెంబర్‌లో, బాగా అనుభవం ఉన్న పైలట్లతో ఒక చిన్న టీమ్ తయారు చేసింది. రెండో ఆవిడ జాక్వెలిన్ కాక్రన్, విమాన రేసుల్లో అప్పటికే పెద్ద పేరు. ఆమె లెక్క వేరు. పాతికముప్ఫై మంది ఎక్స్‌పర్టులు సరిపోరు, స్కూల్ పెట్టి వందల మందిని తయారు చేయాలి అంది. 1942 నవంబర్‌లో హ్యూస్టన్ ఎయిర్‌పోర్టులో మొదటి బ్యాచ్ మొదలైంది. అక్కడ ఉండటానికి క్వార్టర్స్ కూడా లేవు. లాడ్జీల్లో ఉంటూ బస్సెక్కి వచ్చి ట్రైనింగ్ చేసేవాళ్ళు. సరైన చోటు కావాలి. అలా 1943 మొదట్లో ఈ స్కూల్ స్వీట్‌వాటర్‌కి మారడం మొదలైంది.

అవెంజర్ ఫీల్డ్ అసలు ఆ ఊరి మున్సిపల్ విమానాశ్రయం. అవెంజర్ అంటే పగ తీర్చుకునేవాడని అర్థం. పెర్ల్ హార్బర్ కోపం చల్లారని రోజులవి. ఊళ్ళో పేరు కోసం పోటీ పెట్టి మరీ ఎంచుకున్నారు. 1942లో మొదట అక్కడ బ్రిటిష్ కేడెట్లు నేర్చుకున్నారు, తర్వాత అమెరికన్ మగ కేడెట్లు. 1943లో అమ్మాయిల బ్యాచ్‌లు వచ్చాక కొన్ని వారాలు ఇద్దరూ ఉన్నారు, తర్వాత మగ కేడెట్లు వెళ్ళిపోయారు. ఇక చుట్టుపక్కల బేసుల పైలట్లకి ఈ సంగతి తెలిసింది. చూడండి విచిత్రం, ఒక్కసారిగా చాలా విమానాలకి సరిగ్గా అవెంజర్ ఫీల్డ్ మీదకి వచ్చేసరికే ఇంజిన్ ట్రబుల్ రావడం మొదలైంది! ఎమర్జెన్సీ ల్యాండింగ్ అని దిగిపోయేవాళ్ళు. చివరికి నిజంగా ఎమర్జెన్సీ అయితే తప్ప బయటి విమానాలు ఇక్కడ దిగకూడదని ఆర్డర్ వేయాల్సి వచ్చింది. జనం ఆ ఫీల్డ్‌కి "కాక్రన్ కాన్వెంట్" అని నిక్‌నేమ్ పెట్టారు.

1943 ఆగస్టులో నాన్సీ లవ్ టీమ్‌నీ, కాక్రన్ టీమ్‌నీ కలిపి ఒకే పేరు పెట్టారు. వాస్ప్. ఇంగ్లీషులో ఆ మాటకి కందిరీగ అని అర్థం. కానీ ఇక్కడ అది విమెన్ ఎయిర్‌ఫోర్స్ సర్వీస్ పైలట్స్ అనే పేరుకి పొట్టి రూపం. ఇక నుంచి వాస్ప్ అనే అంటాను.

ఇందులో చేరాలని 25,000 మందికి పైగా అప్లై చేశారు. తీసుకున్నది 1,800 పైచిలుకు. ట్రైనింగ్ పూర్తి చేసింది 1,074 మంది. మగ కేడెట్లకి విమానం గురించి ఏమీ తెలియకపోయినా మొదటి నుంచి నేర్పేవాళ్ళు. ఈ అమ్మాయిలకి మాత్రం చేరేముందే పైలట్ లైసెన్స్ ఉండాలి. మొదట్లో 200 గంటలు నడిపిన అనుభవం అడిగారు, తర్వాత 35 గంటలకి దించారు. అంటే, తల్లీ, నువ్వు ముందు నీ డబ్బులతో నేర్చుకుని రా, అప్పుడు మేము నేర్పిస్తాం అన్నమాట. స్వీట్‌వాటర్ దాకా రావడానికి చార్జీలు వాళ్ళవే. తిండికీ, గదికీ జీతంలోంచే కట్టాలి. ట్రైనింగ్‌లో నెలకి 150 డాలర్లు, పూర్తయ్యాక 250.

వాళ్ళ రోజు ఎలా ఉండేదో ఊహించుకోండి. పొద్దున్నే బ్యూగిల్. ఒక్కో గదిలో ఆరుగురు, రెండు గదులకి కలిపి ఒకటే బాత్రూమ్. పన్నెండు మంది అమ్మాయిలు, ఒక బాత్రూమ్! మన హాస్టల్ బ్యాచ్ ఎవరైనా వింటుంటే నవ్వుకుంటారు. ఎండాకాలం రాత్రుళ్ళు లోపల పడుకోలేక మంచాలు బయటకి లాక్కునేవాళ్ళు. పొద్దున లేచాక బూటు దులిపి, లోపల తేలు లేదని చూసుకుని కాలు పెట్టాలి. వేసుకోవడానికి మగవాళ్ళ కోసం కుట్టిన ఓవరాల్స్ ఇచ్చారు. 44 సైజు. ఐదడుగుల అమ్మాయి కూడా అదే తొడుక్కుని, చేతులూ కాళ్ళూ మడిచి, నడుముకి బెల్ట్ బిగించి తిరగాలి. ఎక్కడికెళ్ళినా మార్చింగే. క్లాసుకి మార్చ్, భోజనానికి మార్చ్, విమానం దగ్గరికి మార్చ్.

సగం రోజు ఫ్లయింగ్, సగం రోజు క్లాసులు. వాతావరణం, దారి లెక్కలు, ఇంజిన్ పని తీరు, మోర్స్ కోడ్. విమానాలు మూడు మెట్లు. ముందు పీటీ-19, పైన కప్పు ఉండదు, మొహం మీద గాలి కొడుతూనే ఉంటుంది. తర్వాత బీటీ-13, గాల్లో ఎంత వణికేదంటే దానికి వైబ్రేటర్ అని పేరు పెట్టారు. చివర్లో ఏటీ-6, చక్రాలు లోపలికి ముడుచుకునే పవర్‌ఫుల్ విమానం. కింద ఒక చీకటి డబ్బాలో కూర్చోబెట్టి, బయటికి ఏమీ కనపడకుండా, మీటర్లు మాత్రమే చూసి నడపడం కూడా నేర్పేవాళ్ళు. దాన్ని లింక్ ట్రైనర్ అంటారు, ఇవాళ్టి సిమ్యులేటర్‌కి తాతయ్య. చివరి బ్యాచ్‌ల టైముకి ఒక్కొక్కరు 210 గంటల ఫ్లయింగ్ చేసి బయటకొచ్చేవాళ్ళు. గాల్లో తుపాకీ కాల్చడం, యుద్ధ విన్యాసాలు, ఇవి వదిలేస్తే మగ కేడెట్లకి నేర్పిందే వీళ్ళకీ నేర్పారు.

ఫీల్డ్ మధ్యలో గుండ్రంగా ఒక చిన్న నీళ్ళ తొట్టి ఉండేది. విషింగ్ వెల్ అనేవాళ్ళు. టెస్ట్‌కి ముందు అందులో ఒక నాణెం వేసి దండం పెట్టుకుని వెళ్ళేవాళ్ళు. మొదటిసారి ఒంటరిగా విమానం నడిపి దిగిన అమ్మాయిని ఫ్రెండ్స్ ఎత్తుకొచ్చి, బట్టలతో సహా ఆ తొట్టిలో పడేసేవాళ్ళు. ఆ రోజు తడిసినవాళ్ళు లక్కీ. ఫెయిలైనవాళ్ళు చప్పుడు లేకుండా పెట్టె సర్దుకుని వెళ్ళిపోయేవాళ్ళు. సాయంత్రానికి పక్క మంచం ఖాళీ.

బయటకొచ్చాక ఏం చేశారు? 12,000కి పైగా విమానాలు డెలివరీ చేశారు. అందరూ కలిపి నడిపిన దూరం 6 కోట్ల మైళ్ళు. రిపేరైన విమానం సరిగ్గా ఎగురుతుందో లేదో టెస్ట్ చేయడానికి ముందు వీళ్ళనే ఎక్కించేవాళ్ళు. ఇంకో పని వింటే ఒళ్ళు జలదరిస్తుంది. విమానం వెనక పొడవాటి గుడ్డ టార్గెట్ కట్టుకుని వీళ్ళు ఎగురుతుంటే, కొత్త సైనికులు కింది నుంచి ప్రాక్టీస్ కోసం ఆ గుడ్డని కాల్చేవాళ్ళు. ఉత్తుత్తి బుల్లెట్లు కాదు, నిజమైనవి. గురి నేర్చుకునేవాడి గురి ఎలా ఉంటుందో మీకు చెప్పాలా?

బీ-29 సంగతి ఒక్కటి చెప్పి ముందుకెళ్తాను, నాకు భలే ఇష్టం. బీ-29 అప్పటికి కొత్తగా వచ్చిన రాక్షస బాంబర్. ఇంజిన్లకి నిప్పంటుకునేది. మగ పైలట్లు ఎక్కడానికి జంకారు. అప్పుడు పాల్ టిబెట్స్ అనే ఆఫీసర్ ఇద్దరు వాస్ప్‌లని పిలిచాడు, డోరా డోహర్టీ, డొరొథియా జాన్సన్. వాళ్ళు నాలుగు ఇంజిన్ల విమానం అంతకుముందు నడపలేదు. మూడు రోజుల్లో నేర్పించి, బేసులకి తీసుకెళ్ళి, మగ పైలట్ల ముందే నడిపించాడు. ఇక ఎవడు భయం అంటాడు? పరువు సమస్య అయిపోయింది. పని జరిగింది. కానీ కొన్నాళ్ళకే పైనుంచి ఆర్డర్ వచ్చింది, ఇంక ఆడవాళ్ళతో బీ-29 నడిపించకు అని. హిరోషిమా మీద అణుబాంబు వేసిన విమానాన్ని తర్వాత నడిపింది ఈ టిబెట్సే.

ఇప్పుడు అసలు విషయానికి వస్తాను.

ఇంతమంది యూనిఫామ్ వేసుకున్నారు, మిలిటరీ విమానాలు నడిపారు, మిలిటరీ ఆర్డర్ల మీద పని చేశారు. కానీ కాగితం మీద వాళ్ళు సైనికులు కాదు. సివిలియన్లు. మన భాషలో చెప్పాలంటే కాంట్రాక్ట్ ఉద్యోగులు. ఈ మాట నాకు ఇంట్లోంచే తెలుసు. మా అమ్మ ఒక ఆఫీసులో పదిహేడేళ్ళు కాంట్రాక్ట్ మీద చేసింది. పక్క సీట్లో రెగ్యులర్ వాళ్ళు చేసే పనే. సెలవు పెడితే జీతం కట్, జబ్బు చేస్తే మన జేబే. మానేసిన రోజు ఒక శాలువా కప్పి పంపారు, ఏ సర్టిఫికెట్టూ లేదు. కాబట్టి ఈ వాస్ప్‌ల గురించి చదువుతున్నప్పుడు నాకు అది దూరదేశం కథలా అనిపించలేదు. తేడా ఏంటంటే, వీళ్ళు చేసిన పనిలో ప్రాణాలు పోయాయి.

38 మంది చనిపోయారు. 11 మంది ట్రైనింగ్‌లో ఉండగా, 27 మంది డ్యూటీలో. సైనికుడు చనిపోతే ప్రభుత్వం శవపేటికని ఇంటికి పంపిస్తుంది, దాని మీద జెండా కప్పుతుంది, కుటుంబానికి డబ్బు ఇస్తుంది. వీళ్ళకి ఇవేవీ లేవు. బ్యారక్‌లో ఉన్న అమ్మాయిలు తలా కొంచెం చందా వేసుకుని, స్నేహితురాలి శవాన్ని రైల్లో ఊరికి పంపేవాళ్ళు. ఒకరు తోడు వెళ్ళి అమ్మానాన్నలకి అప్పగించి వచ్చేవాళ్ళు. మర్నాడు పొద్దున మళ్ళీ అదే రకం విమానం ఎక్కాలి.

మేబెల్ రాలిన్సన్ అనే అమ్మాయిది మిషిగన్ రాష్ట్రం. 1943 ఆగస్టులో నార్త్ కరోలినాలోని క్యాంప్ డేవిస్‌లో రాత్రిపూట ప్రాక్టీస్ చేస్తూ దిగబోతుంటే విమానం కూలి మంటలంటుకుంది. వెనక సీటు ఇన్‌స్ట్రక్టర్ బయటపడ్డాడు. ముందు సీట్లో మేబెల్ రాలేకపోయింది. కాక్‌పిట్ మూత గొళ్ళెం లోపలి నుంచి సరిగా తెరుచుకోలేదని చెప్తారు. హక్కు లేదన్నా సరే, ఆమె ఇంటివాళ్ళు శవపేటిక మీద జెండా కప్పారు.

గెర్ట్రూడ్ టాంప్కిన్స్ 1944 అక్టోబర్ 26న లాస్ ఏంజెలెస్ నుంచి ఒక కొత్త పీ-51 ఫైటర్‌తో బయలుదేరింది. ఇవాళ్టి వరకు ఆమె గానీ, విమానం గానీ దొరకలేదు. కనిపించకుండా పోయిన ఏకైక వాస్ప్ ఆవిడే.

ఇంకొకరు హేజెల్ యింగ్ లీ. చైనా నుంచి వచ్చిన కుటుంబం, పుట్టింది అమెరికాలోనే, పోర్ట్‌లాండ్‌లో. ముందు చైనా వెళ్ళి అక్కడి వైమానిక దళంలో చేరతానంటే, ఆడవాళ్ళని తీసుకోమన్నారు. తిరిగొచ్చి అవెంజర్ ఫీల్డ్‌లో ట్రైనింగ్ పూర్తి చేసింది. ఒకసారి విమానం ఇబ్బంది పెడితే కాన్సస్‌లో ఒక పొలంలో దింపిందట. ఆ రైతు ఆమె మొహం చూసి జపాన్ వాళ్ళు దిగారనుకుని గడ్డి ఎత్తే పంగలకర్ర పట్టుకుని వెంటపడ్డాడట. 1944 నవంబర్‌లో మోంటానాలోని గ్రేట్ ఫాల్స్‌లో దిగుతుండగా ఇంకో విమానం ఆమె విమానాన్ని గుద్దుకుంది. కాలిన గాయాలతో రెండు రోజులకి చనిపోయింది. కొద్ది రోజుల్లోనే ఇంటికి ఇంకో టెలిగ్రామ్, తమ్ముడు విక్టర్ ఫ్రాన్స్ యుద్ధంలో పోయాడని. ఇద్దరినీ ఒకచోట పూడ్చుదామంటే, ఆ శ్మశానం వాళ్ళు ఇది తెల్లవాళ్ళ భాగం, ఆసియా వాళ్ళకి కుదరదన్నారు. కుటుంబం పోరాడి సాధించుకుంది.

ఇంకో సంగతి కూడా దాచకూడదు. నల్లజాతి పైలట్ జానెట్ బ్రాగ్ దరఖాస్తు పెడితే, రంగు చూసి వద్దన్నారు. అర్హత ఉన్నా. అంటే తలుపు బయట నిలబడి పోరాడిన వాళ్ళు కూడా, లోపలికి వచ్చాక ఇంకొకరికి అదే తలుపు వేశారు.

మరి వాస్ప్‌లని సైన్యంలో కలపమని ఎవరూ అడగలేదా అంటే, అడిగారు. ఎయిర్‌ఫోర్స్ పెద్ద జనరల్ హ్యాప్ ఆర్నాల్డే అడిగాడు. 1944 జూన్‌లో పార్లమెంట్‌లో, అక్కడి కాంగ్రెస్‌లో, బిల్లు వచ్చింది. సరిగ్గా ఆ టైముకే మగ సివిలియన్ ఇన్‌స్ట్రక్టర్ల ఉద్యోగాలు పోతున్నాయి. ఉద్యోగం పోతే పదాతి దళంలోకి పిలుస్తారేమోనని వాళ్ళకి భయం. పేపర్లలో వాస్ప్‌ల మీద వ్యతిరేకంగా రాతలు మొదలయ్యాయి. బిల్లు ఓడిపోయింది, 188కి 169. పందొమ్మిది ఓట్లు.

1944 డిసెంబర్ 7న, అంటే పెర్ల్ హార్బర్‌కి సరిగ్గా మూడేళ్ళకి, అవెంజర్ ఫీల్డ్‌లో చివరి బ్యాచ్ గ్రాడ్యుయేషన్. ఆర్నాల్డ్ స్వయంగా వచ్చాడు. ఆడపిల్లలు తుఫాను గాలిలో పెద్ద బాంబర్ని అదుపు చేయగలరా అని మొదట్లో నాకు అనుమానం ఉండేది, ఇప్పుడు లేదు, మగవాళ్ళతో సమానంగా నడపగలరు అని ఒప్పుకున్నాడు. ఒప్పుకోవడమేమో ఒప్పుకున్నాడు, కానీ ఆ రోజు పట్టా తీసుకున్న అమ్మాయిలకి ఉద్యోగం ఉన్నది ఇంకో పదమూడు రోజులే! డిసెంబర్ 20న వాస్ప్ రద్దు. ఇంటికెళ్ళే చార్జీలు కూడా ఎవరివి వాళ్ళవే.

తర్వాత ముప్ఫై ఏళ్ళు నిశ్శబ్దం. కొందరు పెళ్ళిళ్ళు చేసుకున్నారు, కొందరు విమానం నేర్పే పని చేశారు. ఎయిర్‌లైన్స్‌కి వెళ్తే పైలట్‌గా కాదు, ఎయిర్ హోస్టెస్‌గా చేరతారా అని అడిగేవాళ్ళు.

1976లో అమెరికా ఎయిర్‌ఫోర్స్ గొప్పగా ప్రకటించింది, మొదటిసారి మహిళలు మిలిటరీ విమానాలు నడపబోతున్నారు అని. మొదటిసారి! అప్పటికి అరవైకి దగ్గర పడుతున్న ఈ ఆడవాళ్ళకి ఒళ్ళు మండింది. మేమంటూ లేనే లేమా అని కదిలారు. హ్యాప్ ఆర్నాల్డ్ కొడుకు బ్రూస్ ఆర్నాల్డ్ తోడు నిలిచాడు. యుద్ధంలో వీళ్ళతో కలిసి విమానాలు నడిపిన సెనేటర్ బారీ గోల్డ్‌వాటర్ నిలిచాడు. వ్యతిరేకించింది ఎవరో తెలుసా? మాజీ సైనికుల సంఘాలే. వీళ్ళకిస్తే రేపు అందరూ అడుగుతారు అని. ఆ వాదన నేను మా అమ్మ విషయంలో కూడా విన్నాను, అక్షరం తేడా లేకుండా.

వాళ్ళని గెలిపించినవాటిలో ఒక పాత కాగితం కూడా ఉంది. ఒక వాస్ప్ బీరువాలో దాచుకున్న డిశ్చార్జ్ సర్టిఫికెట్. అందులో సైన్యంలో గౌరవంగా పనిచేశారు అని రాసి ఉంది, మామూలు సైనికుడికి ఇచ్చే కాగితంలో ఉన్నట్టే. ఆ కాగితం కమిటీ ముందు పెట్టారు. 1977 నవంబర్‌లో ప్రెసిడెంట్ కార్టర్ సంతకం చేశాడు. ముప్ఫై మూడేళ్ళకి వాళ్ళు మాజీ సైనికులయ్యారు. 2010 మార్చి 10న కాంగ్రెస్ గోల్డ్ మెడల్ ఇచ్చారు. అప్పటికి బతికున్నది సుమారు 300 మంది. చాలామంది వీల్ చైర్లలో వచ్చారు.

ఇక్కడితో అయిపోయిందనుకున్నా. కాలేదు.

ఎలైన్ హార్మన్ అనే వాస్ప్ 2015 ఏప్రిల్‌లో, 95 ఏళ్ళ వయసులో చనిపోయింది. తన చితాభస్మాన్ని ఆర్లింగ్టన్ సైనిక శ్మశానంలో ఉంచాలని చేత్తో కాగితం రాసి పెట్టింది. ఇంటివాళ్ళు వెళ్ళి అడిగితే, కుదరదు, వీళ్ళు అసలు సైనికులు కాదు కదా అన్నారు. మళ్ళీ అదే మాట! మనవరాళ్ళు ఊరుకోలేదు. ఆన్‌లైన్‌లో సంతకాలు సేకరించారు, కాంగ్రెస్ మెంబర్ల చుట్టూ తిరిగారు. అన్నాళ్ళూ అమ్మమ్మ అస్థికలు మనవరాలి బట్టల అల్మారాలో పెట్టి ఉన్నాయి. 2016 మే 20న ఒబామా కొత్త చట్టం మీద సంతకం చేశాడు.

చెప్పానుగా, దుండిగల్‌కి వస్తానని. సరిగ్గా ఆ తర్వాతి నెల, 2016 జూన్ 18న, మా ఇంటి దగ్గరి దుండిగల్ అకాడమీలో పరేడ్ జరిగింది. అవనీ చతుర్వేది, భావనా కాంత్, మోహనా సింగ్, ముగ్గురూ మన దేశపు మొదటి మహిళా ఫైటర్ పైలట్లుగా కమిషన్ తీసుకున్నారు. ఆ రోజు టీవీలో చూస్తూ నేను అమ్మమ్మకి చెప్పాను, నువ్వు డాబా మీద నుంచి చూసిన విమానాల్లో ఈ పిల్లలు కూడా ఉండి ఉంటారని. ఆమె కాసేపు స్క్రీన్ వైపే చూసింది. "మరి నాకెవరూ చెప్పలేదేంటే" అంది.

ఆ సెప్టెంబర్ 7న ఎలైన్ హార్మన్ చితాభస్మాన్ని మిలిటరీ మర్యాదలతో ఆర్లింగ్టన్‌లో ఉంచారు.

అవెంజర్ ఫీల్డ్ ఇప్పటికీ ఉంది. స్వీట్‌వాటర్ ఊరి విమానాశ్రయం, పక్కనే ఒక టెక్నికల్ కాలేజీ. 1929 నాటి పాత హ్యాంగర్లో వాస్ప్ మ్యూజియం పెట్టారు. డాలస్‌లో మన తెలుగువాళ్ళు ఎంతమంది ఉన్నారో మీకు తెలుసు. అక్కడి నుంచి పడమరకి మూడు గంటలు, మూడున్నర గంటల డ్రైవ్. మీ అన్నో అక్కో అక్కడుంటే ఈ వీడియో పంపండి, ఒక వీకెండ్ వెళ్ళి రమ్మనండి. ఫొటోలు తీస్తే నాకూ పంపమనండి. ఉంటాను మరి.